మంట ఆరినా వదలని పొగ కంపు
నేతగాళ్ళు నూలు పారేయనక్కరలేదు - తొందరపడి ఉతకనూ రాదు

భూదాన్ పోచంపల్లి: ఇంటికి నిప్పంటుకున్నదంటే ఊరు ఊరంతా బిందెలతో పరుగెత్తుకొస్తుంది. మంట ఆరుతుంది. మనుషులు క్షేమమని తెలిశాక అందరి మనసూ కుదుటపడుతుంది. "మగ్గం నిలబడ్డది, అదే పదివేలు" అని నాలుగు మాటలు చెప్పి ఎవరి ఇళ్ళకు వారు వెళ్ళిపోతారు. నేతగాడి అసలు కష్టం మాత్రం ఆ మరునాటి నుంచే మొదలవుతుంది.

అటక మీది నూలు కాలలేదు. పెట్టెలోని పట్టు చెక్కు చెదరలేదు. మగ్గం మీది పడుగు పెట్టినది పెట్టినట్టే ఉన్నది. కాని ఒక చిలప చేతిలోకి తీసుకుంటే గుప్పున పొగ కంపు కొడుతుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం వంటి నేత ఊళ్ళలో ఇల్లే కార్ఖానా. ముందు గదిలో మగ్గం, వెనుక వంటిల్లు, పైన అటక మీద నూలు మూటలు. వంటింట్లో మంట లేచినా, కరెంటు తీగ రాజుకున్నా పొగ ముందుగా పైకే ఎగబాకుతుంది. అందుకే మంట తగలని అటక మీది నూలుకే పొగ ఎక్కువగా పడుతుంది.

"ఏమయ్యా, ఇది నేస్తే తీసుకుంటరా?" అని ఇల్లాలు అడుగుతుంది. "నేస్తుంటే గాలికి అదే పోతది లే" అని మగడు సమాధానం చెబుతాడు. ఇద్దరికీ లోపల భయమే. ఎందుకంటే కూలికి నేసేవారి ఇంట్లో ఉన్న నూలు వారిది కాదు. మాస్టర్ వీవరో, సహకార సంఘమో తూకం వేసి ఇచ్చిన సరుకు అది. ఆ తూకానికి చీరల రూపంలో లెక్క చెప్పాలి. వాసన వస్తున్నదని చీర వెనక్కు వస్తే నూలు ఖరీదు అప్పుగా మిగులుతుంది, నేసిన రోజుల కూలీ పోతుంది. మంట ఒక గది కాలిస్తే, పొగ ఏడాది సంపాదనను తింటుంది.

అయితే ఈ నష్టంలో చాలా భాగం తప్పించుకోదగినదే. పొగ వాసన మొండిదే గాని వదలనిది కాదు. కావలసినది ఓపిక, చేయవలసిన పని వరుసగా చేయడం. మంట ఆరిన తరువాత రెండు మూడు రోజుల్లో తొందరపడి చేసే పనుల వల్లనే బాగుపడవలసిన నూలు కూడా పాడవుతుంటుంది.

వాసన ఎందుకు పడుతుంది?

పొగ అంటే ఉత్త గాలి కాదు. అందులో కంటికి కనిపించనంత సన్నటి మసి, తారు వంటి జిడ్డు, ఆమ్ల గుణం గల ఆవిర్లు కలిసి ఉంటాయి. వేడి మీద అవి ఇల్లంతా వ్యాపించి, చల్లగా ఉన్న చోటల్లా దిగిపోతాయి. నూలు పోగు అనేక సన్నని పీచులు పురి తిరిగినది కాబట్టి ఆ జిడ్డు పీచుల సందుల్లోకి చేరి కూర్చుంటుంది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా వాసన విడుస్తూనే ఉంటుంది. గాలిలో చెమ్మ పెరిగితే వాసన కూడా పెరుగుతుంది. ఎండాకాలంలో పోయిందనుకున్న కంపు ముసురు పట్టగానే తిరిగి రావడానికి కారణం ఇదే.

ఏది కాలిందన్న దానిని బట్టి మసి కూడా మారుతుంది. కట్టె, గడ్డి కాలితే వచ్చే మసి పొడిగా ఉండి దులిపితే చాలావరకు రాలిపోతుంది. ప్లాస్టిక్ బకెట్లు, కరెంటు తీగల తొడుగులు, నైలాను గుడ్డలు కాలితే వచ్చే మసి జిడ్డుగా ఉండి, వేలితో రాస్తే సాగుతుంది. ఇది మొండిది. పైగా తీగల తొడుగుల వంటివి కాలినప్పుడు వచ్చే పొగలో ఆమ్లం ఎక్కువ. జరీని నలుపెక్కించేది, ఇనుప సామాను తుప్పు పట్టించేది అదే.

మొదటి పని ఇంట్లోకి గాలి

అగ్నిమాపక సిబ్బంది - ఫోన్ నంబరు 101 - వచ్చి మంట పూర్తిగా ఆరిందని చెప్పిన తరువాతనే లోపలికి వెళ్ళాలి. తీగలు తడిసి ఉంటాయి కాబట్టి కరెంటు పనివాడు చూసేదాకా ఫ్యాను, మోటారు వేయరాదు. ఎదురెదురు తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. పైన సిమెంటు రేకులు పగిలి ఉంటే ఆ ముక్కలను పొడిగా ఊడ్చరాదు. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్ళు చల్లి, తడిపి తీయాలి. మసి పనిచేసేవారు ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

ఏదీ కదల్చక ముందే చేయవలసిన పని మరొకటి ఉన్నది. ఉన్నది ఉన్నట్టుగా ఫోటోలు తీసుకోవాలి. ఎంత పట్టు, ఎంత నూలు, ఎన్ని పడుగులు అని కాగితం మీద రాసుకోవాలి. నూలు ఇచ్చిన మాస్టర్ వీవరునో, సంఘం వారినో పిలిచి కళ్ళారా చూపించాలి. రెవెన్యూ వారి పంచనామా, అగ్నిమాపక శాఖ ఇచ్చే నివేదిక దగ్గర ఉంచుకోవాలి. సరుకుకు బీమా ఉంటే ఆ కంపెనీకి వెంటనే తెలియజేయాలి. అన్నీ కడిగి ఆరబెట్టిన తరువాత నష్టం జరిగిందంటే నమ్మేవారు ఉండరు. నేతగాడి పేరిట ఉండే జీవిత బీమా మనిషికే గాని నూలుకు కాదన్నది కూడా మరువరాదు.

నాలుగు కుప్పలు

తరువాత సరుకును నాలుగు కుప్పలుగా విడదీయాలి. కాలినది ఒకటి, నీళ్ళకు తడిసినది ఒకటి, మసి పడినది ఒకటి, వాసన మాత్రమే పట్టినది ఒకటి.

సెగ తగిలిన నూలును పోగు లాగి చూడాలి. పుటుక్కున తెగితే అది ఇక మగ్గానికి పనికిరాదు. వాసన పోయినా బలం తిరిగి రాదు. పక్కనున్న మంచి పోగుతో పోల్చి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

తడిసిన నూలుకు తొలి వంతు ఇవ్వాలి. ఒకటి రెండు రోజులు మూటలోనే ఉంటే బూజు పట్టడం మొదలవుతుంది. రంగు వేసిన చిలపలను రంగుల వారీగా విడదీసి, ఒకదానికొకటి తగలకుండా నీడలో దండేనికి వేయాలి. ఎర్రది, తెల్లది ఒకే చోట వేస్తే ఒకదాని రంగు మరొకదానికి అంటుతుంది.

మసి పడిన నూలుకు నీళ్ళు చూపించరాదు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. నల్లగా కనిపించగానే బకెట్లో ముంచి పిసుకుతారు. పైపైన ఉన్న మసి నీళ్ళతో కలిసి పోగు లోపలికి దిగిపోతుంది. ఇక అది రాదు. గుడ్డ పెట్టి తుడిచినా అంతే. కాబట్టి చిలపను వాకిట్లో గాలివాటున పట్టుకొని మెల్లగా దులపాలి. తరువాత మెత్తటి బ్రష్షుతో, నొక్కకుండా ఒకే వైపుగా దువ్వాలి. దుమ్ము పీల్చే యంత్రం దొరికితే దాని మూతిని నూలుకు ఆనించకుండా కొంచెం ఎడంగా పట్టుకోవాలి.

వాసన మాత్రమే పట్టిన నూలుకు ముందు గాలే మందు. మూట విప్పి, చిలపలను విడివిడిగా నీడలో, గాలి ఆడే చోట వారం పదిరోజులు వేలాడదీయాలి. రోజూ తిరగేయాలి. రాత్రి మంచుకు ఉంచరాదు. చాలా నూలు ఈ ఒక్క పనితోనే దారికి వస్తుంది.

పత్తికి ఒక తీరు, పట్టుకు ఒక తీరు

గాలికి పోని వాసనకు అప్పుడు ఉతుకు. రంగు వేయని పత్తి నూలు గట్టిది. గోరువెచ్చని నీటిలో సబ్బు, కొద్దిగా చాకలి సోడా కలిపి అరగంట నానబెట్టి, పిసకకుండా పైకీ కిందికీ ముంచి తీయాలి. సోడా జిడ్డును విడగొడుతుంది. నీళ్ళు నల్లగా వస్తే పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పెట్టాలి. ఒకే నీళ్ళలో నానబెడితే వదిలిన మసి తిరిగి పట్టుకుంటుంది. తెల్ల పత్తిని ఎండలో ఆరవేయవచ్చు. వాసన విరగడానికి ఎండ కూడా తోడ్పడుతుంది. రంగు వేసిన పత్తికి మాత్రం సోడా వేయక, ముందు చిన్న ముక్కను తడిపి రంగు దిగుతున్నదా అని చూసుకోవాలి. రంగు నూలును నీడలోనే ఆరవేయాలి.

పట్టు పురుగు నుంచి వచ్చిన పోగు. దానికి సోడా, ఘాటు సబ్బు శత్రువులు. పట్టు మెరుపు పోతుంది, పోగు గరుకెక్కి బలహీనపడుతుంది. బంక తీయని పట్టు అయితే వేడి సబ్బు నీటిలో బంక కరిగి తూకమే తగ్గిపోతుంది. బంక తీస్తే పట్టు బరువులో నాలుగో వంతు దాకా పోవడం నేతగాళ్ళకు తెలిసినదే. తూకానికి లెక్క చెప్పవలసిన వారికి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి పట్టును చల్లటి నీటిలోనే ఉతకాలి.

ఇక్కడ మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న కుంకుడుకాయ అక్కరకొస్తుంది. కుంకుడు రసం పట్టుకు హాని చేయదు, జిడ్డును తీస్తుంది. కాయలు నానబెట్టి, పిసికి, రసాన్ని పలుచటి గుడ్డలో వడకట్టి నీటిలో కలపాలి. తెల్ల పట్టుకు కుంకుడు రసం కొంచెం పసుపు వన్నె తేవచ్చు గనుక దానికి మెత్తటి సబ్బు మేలు. చివరి నీళ్ళలో బకెట్టుకు రెండు మూడు చెంచాల వెనిగర్ కలిపి జాడిస్తే సబ్బు విరుగుతుంది, మెరుపు నిలుస్తుంది. పట్టును పిండరాదు. తెల్లగుడ్డలో చుట్టి నీరు లాగించి నీడలో ఆరవేయాలి. ఎండ తగిలితే పట్టు పసుపెక్కుతుంది, నలిగిపోతుంది.

జరీకి నీళ్ళే వద్దు. పొడి మెత్తటి గుడ్డతో అద్ది, గాలి తగలని సంచిలో దాచి, జరీ పని తెలిసినవారికి చూపించడం మంచిది.

బొగ్గుల పెట్టె

ఉతకడానికి వీలులేని వాటికి బొగ్గుల పెట్టె ఉపాయం. పెద్ద ఇనుప పెట్టె అడుగున పొడి బొగ్గులను గుడ్డ సంచిలో కట్టి పెట్టాలి. దానిపైన వెదురు తడికో, జల్లెడో అమర్చి, బొగ్గుకు తగలకుండా నూలు పరచి మూత వేయాలి. పళ్ళెంలో తినే సోడా పోసి పక్కన పెట్టినా మేలే. రెండు మూడు రోజులకోసారి బొగ్గులు మార్చాలి. వాసన లాగడానికని ప్రత్యేకంగా తయారుచేసిన యాక్టివేటెడ్ కార్బన్ దొరికితే అది మామూలు బొగ్గు కన్నా చాలా ఎక్కువ పని చేస్తుంది. ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. డిజైన్లు గీసిన గ్రాఫు కాగితాలు, జకార్డు అట్టలు కూడా ఈ పెట్టెలోనే బాగుపడతాయి.

పడుగు, మగ్గం మాటేమిటి?

మగ్గం మీద ఉన్న పడుగును ఉతకడం సాధ్యం కాదు. గంజి పెట్టిన పోగు చెమ్మను పీల్చుకుంటుంది కనుక తడి గుడ్డ వేయరాదు. మెత్తటి బ్రష్షుతో మసి దులిపి, ఇంట్లో గాలి ఆడేటట్టు చూసి, కొన్ని రోజులు నేత ఆపాలి. ఆ తరువాత జానెడు నేసి, ఆ ముక్కను పరీక్షించుకోవాలి. అప్పటికీ వాసన ఉంటే పడుగు విప్పి, చిలపలుగా చుట్టి, ఉతికి మళ్ళీ గంజి పెట్టడం తప్ప దారి లేదు. కష్టమే. కాని పడుగంతా నేసి చీరలు వెనక్కు తెచ్చుకోవడం కన్నా చిన్న కష్టం.

మగ్గం కర్రను ముందు పొడిగుడ్డతో, తరువాత సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. మగ్గం గుంటలో నిలిచిన మసి నీళ్ళు తోడి, తడిసిన మట్టి పై పొర గీకి తీసేయాలి. గుంట సంగతి మరిచినందువల్ల ఇల్లంతా కడిగినా వాసన పోదు. ఇనుప పన్నెను వెంటనే పొడిగా తుడిచి, పలుచగా నూనె రాసి, నేతకు ముందు ఆ నూనె పూర్తిగా తీసేయాలి. ఆలస్యమైతే తుప్పు పడుతుంది. ఆ తుప్పు మరక పడుగుకు అంటుతుంది.

ఇక్కత్ కట్లు కట్టడానికి వాడే సైకిలు ట్యూబు ముక్కలు పొగకు, సెగకు మెత్తబడి జిగురుగా మారితే వాటిని పారేయడమే మంచిది. అగ్గువ వస్తువు కోసం ఖరీదైన పట్టుకు మరక తెచ్చుకోవడం తెలివి కాదు.

రంగు వేయబోయే నూలు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మసి జిడ్డు ఉన్నచోట రంగు సరిగా పట్టదు. చుక్కలు, మచ్చలు తేలుతాయి. ఇక్కత్‌లో ఒక మచ్చ పడితే పువ్వు ఆకారమే చెడుతుంది. కాబట్టి ముందు ఒక చిన్న చిలపకు రంగు వేసి చూడాలి. మచ్చలు పోని నూలును నలుపు, ముదురు మెరూన్ వంటి గాఢమైన రంగులకు మళ్ళిస్తే పూర్తిగా నష్టపోకుండా బయటపడవచ్చు.

తేలియా నూలుకు సబ్బు వద్దు

పుట్టపాక తేలియా రుమాళ్ళ సంగతి వేరు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతలో నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీటిలో రోజుల తరబడి నానబెట్టి సిద్ధం చేస్తారు. ఆ నూనె వాసనే తేలియాకు గుర్తు. సబ్బు పెట్టి ఉతికితే పొగ కంపుతో పాటు ఆ నూనె కూడా పోతుంది. మళ్ళీ మొదటి నుంచి నానబెట్టుకోవలసి వస్తుంది. కాబట్టి ముందు గాలి, తరువాత బొగ్గుల పెట్టె. ఉతుకు ఆఖరి మాట.

రంగుల గదిలో ప్రమాదం

అద్దకం చేసే ఇళ్ళలో హైడ్రోస్ డబ్బా తప్పక ఉంటుంది. మంట ఆర్పిన నీళ్ళు ఈ డబ్బాలోకి చేరితే ప్రమాదం. హైడ్రోస్ కొద్దిపాటి చెమ్మకే వేడెక్కి తనంతట తానే రాజుకుంటుంది. గొంతు పట్టేసే ఘాటైన గంధకపు ఆవిరి వెలువడుతుంది. ఒకసారి ఆరిన ఇల్లు రెండోసారి అంటుకోవడానికి ఇదొక్కటి చాలు. అగ్నిమాపక సిబ్బంది రాగానే ఆ డబ్బా ఎక్కడ ఉన్నదో వారికి ముందే చెప్పాలి. డబ్బా పొడిగా, చల్లగా ఉంటేనే ఆరుబయట నీడకు చేర్చాలి. తడిసినా, వేడెక్కినా ఇంటివారు దానిని ముట్టుకోరాదు.

చేయకూడని పనులు

కంపు పోవాలని సాంబ్రాణి వేసేవారు, అగరుబత్తులు వెలిగించేవారు ఉన్నారు. పొగను పొగతో కడగడం ఎక్కడైనా ఉన్నదా? అత్తరు చల్లితే రెండు వాసనలు కలిసి మూడో కంపు అవుతుంది. బ్లీచింగు ద్రావణం మసిని తీయదు. పట్టుకు తగిలితే పోగునే కరిగిస్తుంది. బ్లీచింగును వెనిగరుతో కలిపితే విషవాయువు పుడుతుంది, ఎన్నడూ కలపరాదు. పట్టణాల్లో ఓజోన్ యంత్రాలతో వాసన తీసేవారు ఉంటారు. ఓజోన్ రంగులను వెలవెలబోయేటట్టు చేస్తుంది, పోగును బలహీనపరుస్తుంది, మనుషుల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. నూలు, పట్టు ఉన్న గదిలో అది పెట్టించరాదు.

ముక్కును నమ్మరాదు

పొగ పట్టిన ఇంట్లో నాలుగు రోజులు ఉన్నవారి ముక్కుకు ఆ వాసన అలవాటైపోతుంది. "ఇక ఏం లేదు" అని వారికి అనిపిస్తుంది. కొనేవాడు దుకాణంలో చీర మడత విప్పగానే బయటపడుతుంది. అందుచేత పరీక్ష ఇలా చేయాలి. కొద్దిగా నూలును స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి రాత్రంతా ఉంచాలి. తెల్లవారి, ఆ ఇంట్లో మసలని వారిని పిలిచి మూత తీసి వాసన చూడమనాలి. వాసన లేదంటే మరొక ముక్క మీద నాలుగు నీటి చుక్కలు చల్లి మళ్ళీ అదే పరీక్ష చేయాలి. ఈ రెండూ నెగ్గితేనే నూలు మగ్గం ఎక్కాలి.

మాస్టర్ వీవర్లు, సంఘాలు కూడా ఈ విషయంలో కొంచెం ఓపిక పట్టవలసి ఉంటుంది. నూలు మొత్తం ఖరీదు నేతగాడి ఖాతాలో రాసేయడం కన్నా పదిహేను రోజులు గడువిచ్చి, నమూనా చూసి, నిజంగా పోయినంత మేరకే లెక్క కట్టడం ఇద్దరికీ లాభం. బాగుపడిన నూలు వారిదే, నిలబడ్డ నేతగాడూ వారివాడే.

కాలిన కప్పుకు రేకులు వేయించుకోవచ్చు. ముందు రోజునే ఏడ్చుకుంటూ వాగులో పారేసిన పట్టు మాత్రం తిరిగి రాదు. మంట ఆరిన ఇంట్లో నేతగాడికి మిగిలే ఆస్తి ఆ మసిబారిన మూటలే. దులిపి, ఆరబెట్టి, ఆగి చూసినవారికి అందులో సగానికి సగం మళ్ళీ చీరలవుతుంది.